చిల్లు పెట్టకుండా, స్క్రూ కొట్టకుండా డిక్కీ సర్దుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఒకే కారు వారం తిరిగేలోపు నాలుగైదు రకాల పనులు చేస్తుంది. ఆఫీసు రోజుల్లో ల్యాప్‌టాప్ బ్యాగులు, టిఫిన్ డబ్బాలు. శనివారం రైతుబజార్ సంచులు. పండగొస్తే ఊరికి సూట్‌కేసులు, తిరిగొచ్చేటప్పుడు బియ్యం బస్తా, పచ్చడి జాడీలు, కొబ్బరికాయలు. డిక్కీ చిన్నదని చాలామంది బాధపడతారు గానీ, నేను సర్దిపెట్టిన డిక్కీల్లో ఎక్కువ ఇబ్బంది వచ్చింది పెట్టిన వస్తువు పెట్టిన చోట ఉండకపోవడం వల్లే. ముందు వస్తువును కదలకుండా ఆపితే, చోటు దానంతటదే బయటపడుతుంది. కింద చెప్పినవన్నీ ఇంట్లో మనమే చేసుకోగలిగేవి. వద్దనుకున్న రోజు తీసేస్తే కారు మీద ఆనవాలు కూడా మిగలదు.

విప్పేసేలానే ఎందుకు చేయాలి? కార్పెంటర్‌ని పిలిచి గట్టిగా బిగించేస్తే పోలేదా?

మొదటి కారణం చట్టం. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో నమోదైన కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. సీట్ల సంఖ్య ఆర్‌సీలో ఉంటుంది కాబట్టి వెనక సీటు ఊడదీసి ఆ చోట పెట్టె బిగించే ఆలోచన మానుకోండి. డిక్కీలో పెట్టి తీసే పలక, క్రేటు, నవారు పట్టీ వల్ల ఆర్‌సీలోని ఏ వివరమూ మారదు.

రెండోది, ఆ కార్పెట్ కింద ఏముందో మనకు కనపడదు. వైరింగ్ పక్క ప్యానెళ్ల వెనక నుంచి వెళ్తుంది, పెట్రోల్ ట్యాంకు చాలా కార్లలో వెనక సీటు కిందే ఉంటుంది. రేకుకు చిల్లు పడిన చోట పెయింటు పోతుంది, వానాకాలంలో అక్కడే తుప్పు మొదలవుతుంది. ఇక మూడోది అందరికీ తెలిసిందే. మన అవసరాలు మారుతూ ఉంటాయి. ఈ ఏడాది పాప ప్రామ్ పట్టాలి, మూడేళ్లకు అదే చోట చిన్న సైకిలు పట్టాలి. బిగించేసిన పెట్టె ఆ రోజు అడ్డమవుతుంది.

ముందుగా ఏం కొనాలి?

ఏమీ కొనొద్దు. ఆదివారం పొద్దున ఎండెక్కకముందే డిక్కీ మొత్తం ఖాళీ చేసి, సామాన్లన్నీ పార్కింగ్‌లో ఒక పాత దుప్పటి మీద పరవండి. ఎక్కువ కార్లలో బయటపడేవి ఇవే: రెండు మూడు గొడుగులు, ఎప్పటివో ఖాళీ నీళ్ల సీసాలు, గుడ్డ సంచుల మూట, ఎవరికో తిరిగి ఇవ్వాల్సిన స్టీలు గిన్నె, సర్వీసింగ్‌లో ఇచ్చిన కాగితాలు. ఎప్పుడూ కారులోనే ఉండాల్సినవి ఒక పక్క, ఇంట్లోకి పోవాల్సినవి ఇంకో పక్క పెట్టండి. ఎప్పుడూ ఉండాల్సినవి నిజానికి చాలా తక్కువ: స్పేర్ టైరు, జాకీ, వీల్ స్పానర్, టో హుక్కు, కారుతో వచ్చిన ఎర్ర త్రిభుజం, ఫస్ట్ ఎయిడ్ కిట్టు, జంపర్ కేబుల్, టార్చి, ఒక తుండు.

తర్వాత టేపు పెట్టి కొలవండి. కింద పొడవు, చక్రాల ఉబ్బుల (చక్రాల పైన డిక్కీలోకి పొడుచుకొచ్చే గోడల) మధ్య వెడల్పు, ఉబ్బుల వెనక వెడల్పు, ఫ్లోరు నుంచి పార్శిల్ ట్రే (వెనక సీటు వెనక డిక్కీని పైనుంచి మూసే పలక) దాకా ఎత్తు, డోరు నోటి వెడల్పు రాసిపెట్టుకోండి. ఆ చివరి కొలత చాలామంది వదిలేస్తారు. సెడాన్‌లలో లోపల పట్టే పెట్టె కూడా నోట్లోంచి దూరదు.

కంపెనీ 341 లీటర్లని చెప్పింది. రెండు సూట్‌కేసులకే ఎందుకు నిండిపోతోంది?

కంపెనీలు ఈ లీటర్లు లెక్కపెట్టే పద్ధతిలో 200 × 100 × 50 మిల్లీమీటర్ల చిన్న దిమ్మెలు వాడతారు. ఒక్కో దిమ్మె ఒక లీటరు. అవి మూలల్లోకీ, ఉబ్బుల పక్కకూ కూడా దూరిపోతాయి, మన సూట్‌కేసు దూరదు. అందుకే స్విఫ్ట్‌కి 265, వ్యాగన్ఆర్‌కి 341, పంచ్‌కి 366, హోండా సిటీకి 506 అని చదివినంత మాత్రాన ఏ సామాను పడుతుందో తెలియదు. వ్యాగన్ఆర్ డిక్కీ ఎత్తుగా ఉంటుంది, సిటీది లోతుగా పడుకున్నట్టు ఉంటుంది. ఎత్తున్న డిక్కీకి అర కావాలి, లోతున్న డిక్కీకి అడ్డుగోడలు కావాలి. మీ కారు ఏ రకమో చూసుకుని కింది జవాబుల్లో మీకు పనికొచ్చేది తీసుకోండి.

ఇంకో మాట. గట్టి సూట్‌కేసు బదులు మెత్తటి ట్రావెల్ బ్యాగు తీసుకుంటే అదే డిక్కీలో ఇంకో బ్యాగు పడుతుంది.

బ్రేకు వేసినప్పుడల్లా సామాను అటూ ఇటూ జారుతోంది. ఎలా ఆపాలి?

డిక్కీలో వచ్చే కార్పెట్ నున్నగా ఉంటుంది, సంచి అడుగూ నున్నగా ఉంటుంది. ఇక జారక ఏమవుతుంది? కాబట్టి మొదట చేయాల్సింది ఫ్లోరుకు పట్టు తేవడం. ఇంట్లో పాత యోగా మ్యాట్ ఉంటే అదే చాలు. ఫ్లోరు కొలతకు కత్తిరించి పరవండి. వంటింటి అరల్లో వేసే జాలీ లాంటి యాంటీ స్లిప్ షీటు కూడా బాగా పనిచేస్తుంది, కాకపోతే సన్నది కొంటే నెలల్లోనే పొడిపొడిగా రాలిపోతుంది.

తర్వాత వెల్క్రో. ఇందులో ఒక వైపు మెత్తగా, ఇంకో వైపు ముళ్లుగా ఉంటుంది. డిక్కీ కార్పెట్ పీచుపీచుగా ఉండే చాలా కార్లలో ఆ ముళ్ల వైపు నేరుగా కార్పెట్‌నే పట్టుకుంటుంది. అంటే కారుకు ఏమీ అంటించక్కర్లేదు. రెండంగుళాల వెడల్పు వెల్క్రో తీసుకుని ముళ్ల పట్టీని మాత్రం సంచి అడుగున లేదా ఆర్గనైజర్ పెట్టె అడుగున కుట్టించండి. జిగురుతో వచ్చే రకం వద్దు, ఎండకు ఆ జిగురు కరిగి పట్టీ పక్కకు జారుతుంది. బ్యాగులు రిపేరు చేసే ఏ షాపులోనైనా ఐదు నిమిషాల్లో కుట్టి ఇస్తారు. ముందు ఒక ముక్కను కార్పెట్ మీద నొక్కి, పక్కకు లాగి చూడండి. పక్కకు కదలకుండా, పైకి ఎత్తితే చర్రుమని వచ్చేస్తే మీ కార్పెట్‌కు సరిపోయినట్టే. నున్నటి కార్పెట్ అయితే పట్టదు, అప్పుడు మ్యాట్ మీదే ఆధారపడాలి.

ఇవి రెండూ తేలిక సామానుకు. ఐదు కిలోలు దాటిన దేనికైనా పట్టీ కట్టాల్సిందే. ఎందుకో చిన్న లెక్క చూడండి. 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకుని, ముందు భాగం నలిగి కారు 60 సెంటీమీటర్లలో ఆగిందనుకుందాం. అప్పుడు లోపలున్న ప్రతి వస్తువూ తన బరువుకు సుమారు 16 రెట్ల బలంతో ముందుకు తోస్తుంది. ఐదు కిలోల టూల్ బాక్సు 80 కిలోల బరువులా సీటు వీపు మీద పడుతుంది. అది సీటుకు ఆనుకుని ఉన్నప్పటి మాట. డిక్కీ చివర నుంచి జారుకుంటూ వచ్చి గుద్దితే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద కార్లకు 120 దాకా వేగం అనుమతి ఉంది, అక్కడ వేగం రెట్టింపు అయితే దెబ్బ నాలుగింతలు. పిల్లలు కూర్చునేది ఆ సీటులోనే. అందుకే బరువైనవన్నీ కింద, ముందుకు, సీటు వీపుకు ఆనించి పెట్టండి.

పట్టీ దేనికి కట్టాలి? మా డిక్కీలో హుక్కులు కనిపించట్లేదు.

కార్పెట్ అంచుల దగ్గర, పక్క ప్యానెళ్ల మీద వెతకండి. కొన్ని కార్లలో మడిచిపెట్టిన చిన్న ఇనుప రింగులు ఉంటాయి, మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. ప్లాస్టిక్ హుక్కు అయితే చేతి సంచి తగిలించడానికే. దాని మీద ఎన్ని కిలోలో అచ్చువేసి ఉంటుంది, సాధారణంగా రెండు మూడు కిలోలే.

ఏమీ లేకపోతే వెనక సీటు వీపును వాడుకోవచ్చు. పొడవాటి నైలాన్ నవారు, ప్లాస్టిక్ బకిల్ తీసుకోండి. ఒక కొన హెడ్‌రెస్ట్ కడ్డీల చుట్టూ తిప్పి, సీటు వీపు వెనకగా కిందికి దించి, క్రేటు పిడిలోంచి పోనిచ్చి బిగించండి. పిల్లల సీటు పై పట్టీ కోసం సీటు వెనక ఇచ్చే యాంకర్‌కు మాత్రం సామాను కట్టొద్దు. బండి మీద సామాను కట్టే హుక్కుల ఎలాస్టిక్ తాడు డిక్కీలో నాకు నచ్చదు. సాగి ఉన్నప్పుడు హుక్కు జారితే నేరుగా కంటికి తగులుతుంది, పైగా బరువు పడితే సాగి ఊరుకుంటుంది, ఆపదు. తేలికైన దుప్పట్ల మీద వేసే వలకు ఎలాస్టిక్ ఫర్వాలేదు.

డిక్కీలో రెండో ఫ్లోరు వేసుకోవచ్చా? కింద ఒక అర, పైన ఒక అర కావాలి.

వేసుకోవచ్చు, ఎత్తైన డిక్కీలకు ఇంతకంటే ఉపయోగపడే మార్పు ఇంకోటి లేదు. కొంచెం ఓపిక కావాలి, అంతే. అసలు కష్టమంతా పలక ఆకారం సరిగ్గా తీయడంలోనే ఉంది.

ఫ్రిజ్ లేదా టీవీ వచ్చిన పెద్ద అట్టపెట్టె తెరిచి, డిక్కీ వెడల్పు కంటే కొంచెం తక్కువగా ఒక దీర్ఘచతురస్రం కోయండి. మీరు ఫ్లోరు ఎంత ఎత్తులో అనుకుంటున్నారో అంత ఎత్తులో అట్టను సామాను మీద ఆనించి పెట్టండి. ఎందుకంటే డిక్కీ గోడలు నిటారుగా ఉండవు, నేల దగ్గర వెడల్పు ఒకటి, అడుగు పైన ఇంకోటి. ఇప్పుడు అట్టకూ గోడకూ మధ్య ఉన్న సందుల్లో చిన్న చిన్న అట్ట ముక్కలు దూర్చి, గోడకు తగిలేలా పెట్టి, పెద్ద అట్టకు టేపు వేస్తూ పోండి. చక్రం ఉబ్బు వంపు దగ్గర వేలెడు ముక్కలు పదో పన్నెండో పడతాయి. అంతా అయ్యాక ఎత్తి బయటికి తీస్తే మీ డిక్కీ ఆకారం అచ్చుగుద్దినట్టు వస్తుంది. దాన్ని ప్లైవుడ్ మీద పెట్టి గీసేటప్పుడు చుట్టూ ఐదు మిల్లీమీటర్లు తగ్గించండి. ప్యానెల్‌ను పలక రాసుకుంటే ప్లాస్టిక్ మీద తెల్లటి గీతలు పడతాయి, అవి పోవు.

పలకను ఒకే ముక్కగా వద్దు. అడ్డంగా రెండు ముక్కలు చేసి, మధ్యలో రెగ్జిన్ పట్టీ గానీ నవారు గానీ అంటించి, దాని మీద చిన్న స్టేపుల్స్ కొట్టి మడత పడేలా చేయండి. ముందు సగం సామానుతో ఉన్నా వెనక సగం ఎత్తి కింద నుంచి గొడుగు తీసుకోవచ్చు. పంక్చరైన రోజు మొత్తం మడిచి బయట పెట్టి స్పేర్ టైరు తీయొచ్చు. అసలు పరీక్ష ఇదే: పలక వేశాక ఒక్కరే, చీకట్లో, ఎంతసేపట్లో స్పేర్ టైరు బయటికి తీయగలరు? ఐదు నిమిషాలు దాటితే డిజైను మార్చండి.

పలక దేని మీద నిలబడాలి? రెండు పక్కలా ఒకే ఎత్తున్న గట్టి ప్లాస్టిక్ క్రేట్లు పెడితే అవే కాళ్లు, అవే అరలు. లేదా పలక కిందే అదే ప్లైవుడ్‌తో నాలుగంగుళాల నుంచి ఆరంగుళాల ఎత్తున్న అడ్డు చెక్కలు బిగించండి. ఆ స్క్రూలన్నీ పలకలోకే, కారులోకి ఒక్కటీ పోదు. ఎత్తు ఎంతన్నది రెండు రకాలుగా నిర్ణయించుకోవచ్చు: డిక్కీ నోటి అంచుకు సమానంగా పెడితే బస్తాలు జరపడం సులువు, వెనక సీటు మడిచినప్పటి ఎత్తుకు సమానంగా పెడితే పొడవాటి సామాను సమంగా పడుకుంటుంది. నేనైతే రెండోదే ఎంచుకుంటాను. మంచపు పట్టెలు, ఏసీ పెట్టె, నిచ్చెన లాంటివి తేవాల్సి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

చివరగా, పలకను కూడా కట్టాలి. నాలుగైదు కిలోల చెక్క విడిగా ఉండటం ప్రమాదం. దానికి రెండు రంధ్రాలు పెట్టి నవారు దూర్చి, పైన చెప్పినట్టు రింగులకో సీటు వీపుకో బిగించండి.

ఏ ప్లైవుడ్ తీసుకోవాలి? ఎవరు కోసిస్తారు?

12 మిల్లీమీటర్లది చాలు. చదరపు అడుగుకు సుమారు ముప్పావు కిలో తూగుతుంది, మూడడుగులు బై రెండడుగుల పలక నాలుగున్నర కిలోలు. 18 మిల్లీమీటర్లది అనవసర బరువు. 9 మిల్లీమీటర్లది కింద మధ్యలో ఆధారం ఉంటేనే. మామూలు ఎంఆర్ గ్రేడు కంటే నీటిని తట్టుకునే బీడబ్ల్యూఆర్ గ్రేడు మంచిది. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అంటే ఇంకా మంచిదే గానీ డిక్కీకి అంత అక్కర్లేదు. ఇంటీరియర్ పని జరుగుతున్న ఫ్లాటు మీ అపార్ట్‌మెంట్‌లో ఎప్పుడూ ఒకటి ఉంటుంది. అక్కడి కార్పెంటర్ అన్నని మర్యాదగా అడిగితే మిగిలిన ముక్క ఇచ్చి, మీ అట్ట పెట్టి కోసి కూడా ఇస్తాడు, చేతిలో ఎంతో కొంత పెట్టండి. అంచులు గరుకు కాగితంతో రుద్ది, రెండు పక్కలా అంచులతో సహా వార్నిష్ వేయండి. ఒక పక్కే వేస్తే పలక వంకర తిరుగుతుంది. పైన పాత కార్పెట్ ముక్క అంటిస్తే చప్పుడు రాదు.

ఈ ఎండలకు డిక్కీలో ఏవి నిలుస్తాయి, ఏవి నిలవవు?

మన ఏప్రిల్, మే నెలల్లో బయట 40 దాటితే, ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీల దగ్గరికి పోవడం మామూలే. హాట్ గ్లూ ఆ వేడికే మెత్తబడుతుంది, దాన్ని నమ్ముకుని ఏదీ అంటించొద్దు. సన్‌బోర్డు, పీవీసీ ఫోమ్ షీటు బరువు పెడితే మధ్యలో కుంగిపోతాయి. మామూలు డబుల్ టేపు ఊడిపోతుంది. బాగా పట్టే యాక్రిలిక్ ఫోమ్ టేపు ఊడదు గానీ, తీసేటప్పుడు ప్యానెల్ పొర కూడా లేచొస్తుంది, మనకు కావాల్సింది అది కాదు. గుడ్డ, నవారు, కుట్టు, చెక్క, గట్టి క్రేటు ప్లాస్టిక్, ఈ ఐదూ ఎండకు నమ్మకమైనవి.

వస్తువుల్లో డియోడరెంట్, పెర్ఫ్యూమ్ స్ప్రే డబ్బాలు డిక్కీలో వదలొద్దు. వాటి మీదే 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది. లైటర్లు, పవర్ బ్యాంకులు, శానిటైజర్, థిన్నర్, టపాసులు కూడా అంతే. ఫస్ట్ ఎయిడ్ కిట్టులో కట్టు, దూది, ప్లాస్టర్ ఉంచుకోండి, మాత్రలు ఇంట్లో ఉంచండి.

సీఎన్‌జీ కారు. డిక్కీ అంతా సిలిండరే. ఏమైనా చేయగలమా?

జాగ్రత్తగా, కొంచెం చేయగలం. సిలిండరుకు, దాన్ని పట్టుకున్న బ్రాకెట్లకు, పైపులకు ఏమీ కట్టొద్దు, వేలాడదీయొద్దు. వాల్వు ఎప్పుడూ చేతికి అందేలా ఉండాలి, కాబట్టి దాన్ని పలకతో మూసేయొద్దు. మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు (సిలిండరు ఒత్తిడిని తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష) ఉంటుంది, అప్పుడు అన్నీ విప్పి ఇవ్వగలగాలి. సిలిండరు ముందు, పక్కల మిగిలే సందులకు కొలిచి కుట్టించిన మెత్తటి గుడ్డ సంచులే సరైన దారి. వాటిలో చెప్పులు, కూరగాయల సంచులు, కారు తుడిచే గుడ్డలు పడతాయి. గట్టి అంచులున్న ఇనుప పెట్టెలు అక్కడ వద్దు.

2023లో ఆల్ట్రోజ్‌తో మొదలుపెట్టి టాటా రెండు చిన్న సిలిండర్లను ఫ్లోరు కింద పెట్టే పద్ధతి తెచ్చింది. ఆ కారులో 210 లీటర్ల డిక్కీ మిగులుతుంది. అలాంటి కార్లలో పైన మ్యాట్, క్రేటు వేసుకోవచ్చు, కానీ ఆ ఫ్లోరును ఎత్తడానికి అడ్డం లేకుండా.

రైతుబజార్ నుంచి వచ్చేసరికి టమాటాలు పచ్చడి అయిపోతున్నాయి.

దీనికి మడత పడే ప్లాస్టిక్ క్రేట్లు రెండు చాలు. మెహిదీపట్నంలోనో ఎర్రగడ్డలోనో రైతుబజార్‌కు వెళ్లేటప్పుడు విప్పి పెట్టండి, మిగతా వారం మడిచి సీటు వీపుకు ఆనించండి. మొదటి క్రేటులో ఆలు, ఉల్లి, సొరకాయ, దోసకాయ. రెండోదాంట్లో అడుగున బీరకాయలు, బెండకాయలు, వాటి మీద టమాటా, అన్నిటికంటే పైన ఆకుకూరలు. క్రేటు అడుగున పాత గోనె సంచి ముక్క వేస్తే మట్టి డిక్కీలో రాలదు. కోడిగుడ్ల ట్రే ఎక్కడ పెట్టినా స్పీడ్ బ్రేకరు దగ్గర భయమే. డ్రైవరు పక్క సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోట పెట్టేయడం నయం.

పచ్చడి జాడీ నిలబెట్టాలంటే దానికి మూడు పక్కల నుంచి ఆధారం కావాలి. పాత బకెట్‌లో జాడీ దించి, చుట్టూ తువాళ్లు కుక్కి, బకెట్ పిడిని నవారుతో సీటు వీపుకు కట్టండి. మూత మీద పాలిథిన్ కవరు వేసి రబ్బరు బ్యాండు వేయడం ఎలాగూ అమ్మలు మర్చిపోరు. నూనె ఒలికినా బకెట్‌లోనే ఉంటుంది, కార్పెట్‌కు పట్టిన పచ్చడి నూనె వాసన ఏడాదైనా పోదు.

బియ్యం బస్తా పడుకోబెట్టి, సీటు వీపుకు ఆనించి పెట్టండి. ఇప్పుడు మార్కెట్‌లో 26 కిలోల బస్తాలే ఎక్కువ, 2022 జూలైలో 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగ్ మీద జీఎస్టీ వచ్చాక మొదలైన అలవాటు ఇది. అది ఒక్కటే పెట్టినా మిగతా సామానుకు మంచి అడ్డుగోడ అవుతుంది.

నీళ్ల క్యాను, గ్యాస్ సిలిండరు తీసుకెళ్లొచ్చా?

20 లీటర్ల క్యాను అంటే 20 కిలోలు, గుండ్రంగా దొర్లేది. నిలబెట్టి, మెడ దగ్గర నవారు వేసి సీటు వీపుకు బిగిస్తే తీసుకెళ్లొచ్చు. వంటగ్యాస్ సిలిండరు మాత్రం కారు డిక్కీలో వద్దు. మూసిన చోట లీకైన గ్యాస్ కిందే పేరుకుంటుంది, డిక్కీ లైటు స్విచ్చి పక్కనే ఉంటుంది, అందులోంచి ఒక్క నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. ఏజెన్సీ డెలివరీ మనిషిని పిలవండి.

సీటు వెనక వేలాడే ఆర్గనైజర్లు మంచివేనా?

తేలికైనవాటికి చాలా మంచివి. ఎత్తైన డిక్కీలో వెనక సీటు వీపు మీద డిక్కీ వైపుకు వేలాడదీస్తే గోడంతా జేబులే. పాత జీన్స్ ప్యాంటు జేబులు కోసి, గట్టి కాన్వాస్ మీద కుట్టి, పైన నవారు ఉచ్చులు పెట్టి హెడ్‌రెస్ట్ కడ్డీలకు తగిలిస్తే బజారులో దొరికేదానికంటే గట్టిగా ఉంటుంది. జేబుల్లో తుండ్లు, రెయిన్‌కోటు, చేతి తొడుగులు, గుడ్డ సంచులు పెట్టండి. స్పానర్లు, సీసాలు పెట్టొద్దు. కింది అంచుకు ముళ్ల వెల్క్రో వేస్తే సీటు కార్పెట్‌ను పట్టుకుని ఊగదు. సీట్ల పక్కన సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లకు మాత్రం పక్కల నుంచి చుట్టే కవర్లు వేయొద్దు.

పార్శిల్ ట్రే మీద పెట్టుకోవచ్చా?

వద్దు. దిండ్లు, టిష్యూ డబ్బాలు, బొమ్మలు, గొడుగులు పెట్టిన కార్లు సిగ్నల్ దగ్గర ఎన్నో కనిపిస్తాయి. అద్దంలో వెనక బండి కనపడదు, గట్టి బ్రేకు పడితే ఆ గొడుగు వచ్చి తగిలేది మెడకే. ఏ సామానైనా వెనక సీటు వీపు ఎత్తు దాటకుండా చూసుకోండి.

ఏడు సీట్ల కారులో మూడో వరస వాడుతుంటే?

ఎర్టిగాలో మూడో వరస లేపితే 209 లీటర్లే మిగులుతాయి. అక్కడ ఎత్తు ఉంది, లోతు లేదు. ఇరుకైన, ఎత్తైన రెండు సంచులు పక్కపక్కన నిలబెట్టి, వాటి మీదుగా ఒక నవారు వేయడం తప్ప పలకలూ క్రేట్లూ పెట్టొద్దు. ఆ వరసలో కూర్చున్నవాళ్ల తలకూ వెనక అద్దానికీ మధ్య చాలా తక్కువ దూరం ఉంటుంది.

వానాకాలం తడి గొడుగులు, బురద చెప్పులు?

చుట్టూ రెండంగుళాల అంచు ఉన్న ప్లాస్టిక్ ట్రే ఒకటి పక్కన పెట్టండి. బాల్కనీలో కుండీల కింద పెట్టే పొడవాటి ట్రే సరిపోతుంది. అందులో పాత న్యూస్‌పేపర్లు. వారానికోసారి మ్యాటూ కార్పెట్టూ ఎత్తి స్పేర్ టైరు గుంటలో నీళ్లున్నాయేమో చేయి పెట్టి చూడండి. ఉంటే డోరు రబ్బరు నుంచో వెనక లైటు దగ్గర నుంచో వస్తున్నట్టు, సర్దుబాటు ఆపి ముందు అది బాగు చేయించండి.

డిక్కీలో వెలుగు చాలట్లేదు.

కారు వైరింగ్‌ను కోసి కొత్త లైటు కలపొద్దు, వారంటీ గొడవ వస్తుంది. పెన్సిల్ సెల్‌తో నడిచే చిన్న ఎల్‌ఈడీ లైటు వెనక వెల్క్రో కుట్టిన గుడ్డ తొడుగు వేసి పక్క కార్పెట్‌కు పట్టించండి.

అన్నీ పెట్టాక టకటక చప్పుడు వస్తోంది.

ఒకరు నెమ్మదిగా నడుపుతుంటే ఇంకొకరు వెనక కూర్చుని వినండి. ఎక్కువసార్లు జాకీ గానీ, పలక అంచు గానీ కారణం. జాకీని పాత టీషర్టులో చుట్టండి. పలక అంచులకు ఏసీ రాగి పైపుల మీద తొడిగే నల్లటి ఫోమ్ గొట్టాన్ని పొడవునా చీల్చి తొడగండి, ఏసీ మెకానిక్‌ల దగ్గర ముక్కలు మిగులుతాయి.

ఇవన్నీ హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయి?

నవారు, బకిళ్లు, తాళ్లు, రబ్బరు షీట్లకు రాణిగంజ్. క్రేట్లు, ట్రేలు, డబ్బాలకు బేగంబజార్, అక్కడ కారు వేసుకెళ్లకుండా మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి నడవడం లేదా ఆటో ఎక్కడం మేలు. స్క్రూలు, బ్రాకెట్లు ట్రూప్ బజార్‌లో. ఊడిన డిక్కీ క్లిప్పులు, పార్శిల్ ట్రే తాళ్ల లాంటి స్పేర్లకు పుత్లీబౌలి. పాత క్రేట్లు, పాత కాన్వాస్ కోసం ఎర్రగడ్డ ఆదివారం సంత చూడొచ్చు. కొలతలు రాసిన కాగితం, వీలైతే అట్ట ముక్క కూడా వెంట తీసుకెళ్లండి.

కంపెనీ లీజు కారు, వచ్చే ఏడాది తిరిగి ఇవ్వాలి. మచ్చలు లేకుండా తీయడం ఎలా?

పైన చెప్పినట్టే చేస్తే తీయాల్సిన జిగురే ఉండదు. ముళ్ల వెల్క్రో వల్ల కార్పెట్ మీద పీచు లేస్తే బట్టల బ్రష్‌తో ఒకే దిశలో దువ్వి, వ్యాక్యూమ్ పెట్టండి. ఇంతకుముందు ఎవరైనా టేపు అంటించి ఉంటే హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేసి, వేలితో నెమ్మదిగా చుట్టచుట్టగా లాగండి. మిగిలిన జిడ్డుకు కొబ్బరినూనె రాసి పది నిమిషాలు ఆగి తుడిచి, సబ్బునీళ్ల గుడ్డతో ఇంకోసారి తుడవండి. పెట్రోలు, థిన్నర్ పెడితే ప్యానెల్ రంగు పోతుంది. మొదలుపెట్టకముందే ఖాళీ డిక్కీని నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి ఉంచుకోండి, తిరిగి ఇచ్చే రోజు పాత గీత ఏది, కొత్తది ఏదన్న ప్రశ్న వస్తే చూపించడానికి ఉంటాయి.